‘హై’ అనగా ఎత్తేనా?

ఇంగ్లీషులోని ‘హై’ అనే మాటను మన లిపిలో వ్రాస్తే ఒక్క అక్షరం. ఉర్దూ మిత్రుల చెవికి అదే ధ్వని ‘ఉన్నది’ అనే అర్థాన్నిస్తుంది. ఇంగ్లీషు పాఠానికి వచ్చేసరికి మాత్రం మన విద్యార్థినీ విద్యార్థులు దాని ఎదుట ‘ఎత్తైన’ అని గాని, ‘ఊంచా’ అని గాని ఒక్క మాట వ్రాసుకొని, వల్లించి, తృప్తి చెందుతున్నారు. ఆ తృప్తి ప్రశ్నపత్రం చేతికి వచ్చేవరకే. ఒక ఇంగ్లీషు మాటకు ఒకే ఒక మన మాటను ముడివేసి కంఠస్థం చేయించే ఈ పద్ధతి మేలుకన్న కీడే ఎక్కువ చేస్తున్నదని మా అభిప్రాయం. అందుకు ఈ ఒక్క అక్షరాన్నే సాక్షిగా నిలుపుతున్నాము.

కొండ ‘హై’, గోడ ‘హై’. ఇంతవరకు చిక్కు లేదు. కాని పొడుగాటి మనిషిని ‘హై’ అనరాదు, ‘టాల్’ అనవలెను. హైవే అనగా మెరక మీద వేసిన బాట కాదు, ప్రధానమైన రహదారి. హైకోర్టు కొండపై వెలసిన కోర్టు కాదు, అధికారంలో జిల్లా కోర్టులకు పైది. గాలికి ఈ మాట చేరితే బలం, జ్వరానికి చేరితే తీవ్రత, ధరకు చేరితే భారం, కంఠస్వరానికి చేరితే తారస్థాయి. ‘హై టైమ్’ అనగా ఇప్పటికే ఆలస్యమైనది, ఇకనైనా కదలవలెనని హెచ్చరిక. వేటమాంసాన్ని ‘హై’ అన్నారంటే అది నిలవబడి వాసన పట్టినదని అర్థం. ‘హై టీ’ అనగానే మన నగరాల హోటళ్ళలో ఆర్భాటమైన తేనీటి విందు గుర్తుకు వస్తుంది. ఇంగ్లండులో ఆ పేరు కష్టజీవుల కుటుంబాలు పని ముగిసిన పిమ్మట సాయంకాలం చేసే భోజనానిది.

న్యాయశాస్త్రంలో ఈ మాటకు మరొక ముఖమున్నది. ఇంగ్లండులో 1351 నాటి శాసనం ద్రోహాన్ని రెండు తరగతులుగా విభజించింది. రాజుపట్ల చేసినది ‘హై ట్రీజన్’. సేవకుడు యజమానిని, భార్య భర్తను చంపితే అది చిన్న ద్రోహం. 1828లో ఈ రెండవ తరగతిని రద్దుచేసి, దానిని సాధారణ హత్యగానే పరిగణించసాగారు. ఇక ‘హై సీస్’ అనగా ఎత్తైన సముద్రాలు కావు, ఏ దేశపు ఏలుబడికీ లోబడని విశాల జలరాశి. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 1982లో కుదిరిన సముద్ర న్యాయ ఒప్పందం ప్రకారం, తీరం నుండి 200 నాటికల్ మైళ్ళ వరకు ఉండగల ప్రత్యేక ఆర్థిక మండలాలకు ఆవల ఉన్నది ఆ సముద్రం. లోతైన కడలికి ఎత్తును తెలిపే మాట ఏల వచ్చిందని ఆశ్చర్యపడనక్కరలేదు. లాటిన్‌లో ‘ఆల్టస్’ అనే మాటకు ఎత్తు, లోతు అనే రెండర్థాలూ ఉన్నవి. ఆ మాట నుండియే ఇంగ్లీషు ‘ఆల్టిట్యూడ్’ పుట్టినది.

ఇదంతా చదివి, ఇంగ్లీషు ఎంత వక్రమైన భాష అని ఎవరైనా నిట్టూర్చవచ్చును. అట్టివారు ఒక్క క్షణం మన ‘ఎత్తు’ వంక చూడవలెను. తల్లి బిడ్డను ఎత్తుకుంటుంది, దొంగ సొమ్ము ఎత్తుకుపోతాడు. దేవుడు అవతారమెత్తుతాడు, దిక్కులేనివాడు బిచ్చమెత్తుతాడు, రాజు దండెత్తుతాడు. చదరంగంలో వేసేది ఎత్తు, దానిని త్రిప్పికొట్టేది పైయెత్తు. మేడారం జాతరలో భక్తులు సమర్పించే నిలువెత్తు బంగారంలో ఎత్తు అనగా బరువు, బంగారం అనగా బెల్లం. మనసు నొచ్చే మాట ఎత్తిపొడుపు. ‘అదొక ఎత్తు, ఇదొక ఎత్తు’ అన్నప్పుడు కొలత ఏమీ లేదు, పోలిక మాత్రమే ఉన్నది. తెలుగు నేర్వదలచిన ఆంగ్లేయుడు ఈ మాటకు ఒక్క అర్థమే వ్రాసుకుంటే వాని గతి ఏమి కావలెను?

ఉర్దూ సంగతీ అంతే. ‘ఊంచా సున్‌నా’ అంటే గొప్పగా వినడం కాదు, చెవులు సరిగా వినబడకపోవడం. ‘ఊంచీ దుకాన్, ఫీకా పక్వాన్’ అనే సామెతలో దుకాణపు ఎత్తు దాని పేరుప్రతిష్ఠలే, వంటకం మాత్రం చప్పన. గోలకొండ శిఖరాన ఉన్న బాలా హిసార్‌లో ‘బాలా’ అనే ఫారసీ మాట నిజమైన ఎత్తునే తెలుపుతుంది. హైకోర్టుకు ఉర్దూలో వాడే ‘అదాలత్-ఎ-ఆలియా’లో ఆ ఎత్తు అధికారమైపోయింది. ఈ జారుబాటు మన పిల్లలకు ఉగ్గుపాలనాడే తెలుసు. ‘మత్తు తలకెక్కింది’, ‘చదువు తలకెక్కలేదు’, ‘కళ్ళు నెత్తికెక్కాయి’ అనే మూడు మాటలలో ‘ఎక్కు’కు ఉన్న భేదాన్ని వారికి ఏ గురువూ బోధించనక్కరలేదు. మత్తులో ఉన్నవానిని ఇంగ్లీషువారు ‘హై’ అంటారని చెప్పి చూడండి. వెంటనే గ్రహిస్తారు.

మాట అర్థం దాని ప్రక్కనున్న మాటను బట్టి మారుతుందనే మూలసూత్రం రెండు భాషల నడుమ పెరిగిన పిల్లలకు అనుభవంలో ఉన్నదే. మన బోధన ఆ సంపదను గది వెలుపలనే విడిచి రమ్మంటున్నది. ఉర్దూ మాధ్యమం నుండి, తెలుగు మాధ్యమం నుండి వచ్చిన బాలబాలికలు, ముఖ్యంగా తమ ఇంట మొదటిసారిగా కళాశాల గడప త్రొక్కినవారు, ఇంగ్లీషు గంటలో తల వంచుకొని కూర్చుంటున్నారు. వల్లించిన అర్థం వాక్యంలో పొసగనప్పుడు వారు పద్ధతిని శంకించరు, తమ బుద్ధినే శంకించుకుంటారు. ఇంటర్వ్యూలో తెలిసిన విషయానికి సైతం నోరు విప్పరు. ఒక భాష పలికేవారు ఉన్నతులు, తక్కినవారు అల్పులు అనే భావం ఈ విధంగానే నాటుకుంటున్నది. ‘హై’ అనే మాటకు గల అర్థాలలో మిక్కిలి అపాయకరమైనది ఇదేనని మేము తలుస్తున్నాము.

పరీక్షలు దగ్గరపడుతున్నవి, ఇంత వివరానికి తీరిక ఎక్కడిదని కొందరు అధ్యాపకులు అనవచ్చును. వారి ఇబ్బంది మాకు తెలియనిది కాదు. కాని నూరు మాటలను ఒంటరిగా వల్లించి మరచుటకన్న, ఇరువది మాటలను వాటి పరివారంతో సహా నేర్చుట లాభసాటి కాదా? 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించబడినప్పుడు శాస్త్రాలన్నిటికి ఉర్దూయే బోధనాభాష, అయినను ఇంగ్లీషు నిర్బంధ పాఠ్యాంశం. మాతృభాషలో ఆలోచించుట, ఇంగ్లీషు నేర్చుట అనేవి ఒకదానికొకటి శత్రువులు కావని ఈ గడ్డ మీదనే మన పెద్దలు భావించారు.

కాబట్టి మేము కోరేది స్వల్పమే. విద్యార్థులు నోటు పుస్తకంలో ‘హై’ అని ఒంటిమాట వ్రాయక, గాలితో, జ్వరంతో, ధరతో, సముద్రంతో జతకట్టి వ్రాసుకొనవలెను. ప్రతి జతకు ఎదురుగా తమ ఇంటి భాషలో సహజంగా పలికే పలుకును ఉంచవలెను. ‘హై నూన్’ వద్ద ‘మిట్టమధ్యాహ్నం’ అనియు, ‘హై టైడ్’ వద్ద ‘పోటు’ అనియు వ్రాసినవారు ఆ మాటలను జన్మలో మరువరు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు శాఖల అధ్యాపకులు నెలకొక గంట ఒకే తరగతి గదిలో కలసి, ఒక్క మాటను తీసుకొని చర్చించవలెను. ఇందుకు అదనపు నిధులు అవసరం లేదు, పై అధికారుల అనుమతీ అవసరం లేదు. కావలసినది సంకల్పం ఒక్కటే. వచ్చే విద్యా సంవత్సరం మొదటి మాసంలోనే ఆ తొలి గంట జరుగవలెనని మా విన్నపం.