గొంతు ఒకరిది, గిటారు ఇంకొకరిది

1986లో అమెరికాలో ఒక క్యాసెట్ బయటికొచ్చింది. పేరు 'ఏకేఏ గ్రాఫిటీ మ్యాన్'. పెద్ద మ్యూజిక్ కంపెనీ ఏదీ దాని వెనక లేదు. పీస్ కంపెనీ అనే చిన్న లేబుల్ పేరుతో వచ్చింది. టైటిల్లో 'గ్రాఫిటీ' స్పెల్లింగ్ కూడా తప్పే, దాన్ని అట్లాగే ఉంచేశారు. అందులో గొంతు జాన్ ట్రుడెల్‌ది, శాంటీ డకోటా ఆదివాసి. గిటారు జెస్సీ ఎడ్ డేవిస్‌ది, కయోవా ఆదివాసి. ఆ ఏడాది వచ్చిన వాటన్నిటిలో ఇదే బెస్ట్ ఆల్బమ్ అని బాబ్ డిలాన్ చెప్పాడు.

డిలాన్ మెచ్చుకున్నాడు గనక మనమూ మెచ్చుకోవాలని ఇది రాయడం లేదు. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇవాళ ఫోన్లోనే పాట రికార్డు చేస్తున్నారు. రేలా పాటకు డ్రమ్ బీట్ కలుపుతున్నారు. గోండిలో, కోయలో ర్యాప్ కడుతున్నారు. మాట రాసేది ఒకరు, ట్యూన్ కట్టేది ఇంకొకరు, స్టూడియో మూడో మనిషిది, ఛానల్ నాలుగో మనిషిది. చివరికి పాట ఎవరిది అంటే జవాబు దొరకదు. ఈ గొడవ కొత్తది కాదు. ఆ క్యాసెట్ ఎట్లా తయారైందో తెలిస్తే మనకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

ట్రుడెల్ పాటగాడిగా పుట్టలేదు. 1946లో నెబ్రాస్కాలో పుట్టి, శాంటీ రిజర్వేషన్ దగ్గర పెరిగాడు. (అక్కడ రిజర్వేషన్ అంటే మన కోటా కాదు. ఉన్న భూములన్నీ గుంజుకున్నాక ఆదివాసులకు మిగిల్చిన జాగా.) ఆరేళ్లప్పుడే తల్లి పోయింది. పదిహేడేళ్లకు నేవీలో చేరి వియత్నాం యుద్ధం తొలి ఏళ్లలో, 1967 దాకా, అందులో ఉన్నాడు. బయటికొచ్చాక కాలేజీలో రేడియో ప్రసారాల చదువు చదివాడు. ఆ చదువు ఎక్కడ అక్కరకొచ్చిందో చూడండి. 1969 నవంబర్ 20న 'అన్ని తెగల ఇండియన్లు' అనే పేరుతో ఆదివాసీ యువకులు శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి అల్కాట్రాజ్ దీవిని ఆక్రమించారు. అక్కడి జైలు 1963లోనే మూతపడింది. సర్కారు వాడకుండా వదిలేసిన భూమి మా ఒప్పందాల ప్రకారం మాకే రావాలన్నది వాళ్ల వాదన. 1971 జూన్ 11న పోలీసు బలగాలు ఖాళీ చేయించే దాకా, పంతొమ్మిది నెలలు అక్కడే ఉన్నారు. ఆ దీవి నుంచి 'రేడియో ఫ్రీ అల్కాట్రాజ్' నడిపినవాడు ట్రుడెల్. బర్క్‌లీలోని కేపీఎఫ్ఏ స్టేషన్ దాన్ని ప్రసారం చేసేది. అంటే ఆ మనిషికి మొదటి వాయిద్యం మైకే. తర్వాత 1973 నుంచి 1979 దాకా అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్‌కు జాతీయ ఛైర్మన్‌గా ఉన్నాడు. ఎఫ్‌బీఐ ఆయన మీద తయారుచేసిన ఫైలు వేల పేజీలు దాటింది.

1979 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో ఎఫ్‌బీఐ ఆఫీసు ముందు నిరసనగా అమెరికా జెండా కాల్చాడు. కొద్ది గంటల్లోనే, దేశం ఆ చివర, నెవాడాలోని డక్ వ్యాలీ రిజర్వేషన్‌లో ఆయన అత్తగారిల్లు తగలబడింది. భార్య టీనా మ్యానింగ్, ముగ్గురు పిల్లలు, అత్త కాలిపోయారు. టీనా అప్పుడు గర్భవతి. ఆమె షోషోనీ-పయూట్ ఆడబిడ్డ, నీటి హక్కుల కోసం కొట్లాడిన మనిషి. ప్రమాదం అని సర్కారు తేల్చింది. ట్రుడెల్ చచ్చేదాకా ఆ మాట నమ్మలేదు.

కవిత్వం రాయడం ఆ తర్వాతే మొదలైంది. పడిపోకుండా పట్టుకోవడానికి దొరికిన తాళ్ళలాంటివి ఆ వాక్యాలు అని ఆయన చెప్పుకున్నాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఉద్యమ నాయకుడు ప్రచారం కోసం పాట కట్టడం మనకు బాగా తెలిసిన పద్ధతి. సభకు జనం రావాలె, పాట ఉండాలె, కాబట్టి పాట. ట్రుడెల్ సంగతి అట్లా కాదు. సంస్థ పదవి వదిలేశాక, ఇంట్లో ఎవరూ మిగలని కాలంలో రాసుకున్న మాటలవి. అందుకే వాటిలో నినాదం తక్కువ. ఒంటరితనం, ప్రేమ, సిటీ వీధులు, తాగుడు, టీవీ, యుద్ధం... అన్నీ ఉంటాయి. 'బేబీ బూమ్ చె' అనే పాట అయితే ఏకంగా ఎల్విస్ ప్రెస్లీ మీద! ఆదివాసీ ఉద్యమ ఛైర్మన్‌గా పనిచేసినాయన ఎల్విస్‌ను తన తరానికి తిరుగుబాటు నేర్పినవాడిగా చూపిస్తాడు. మన దగ్గర ఇట్లాంటి పాట ఎవరైనా రాస్తే ముందు మనోళ్లే 'ఇదేం పాటరా' అంటారు.

మొదట 1983లో 'ట్రైబల్ వాయిస్' పేరుతో మాటలను సంప్రదాయ డోలు, పాటలతో కలిపి రికార్డు చేశాడు. వార్మ్ స్ప్రింగ్స్ గాయకుడు క్విల్ట్‌మ్యాన్ ఆయనకు చివరిదాకా తోడున్న గొంతు. రికార్డింగ్ అంటే ఏందో ట్రుడెల్‌కు దగ్గరుండి పరిచయం చేసింది గాయకుడు జాక్సన్ బ్రౌన్. అప్పటిదాకా గిటారు లేదు, రాక్ లేదు.

1985లో జెస్సీ ఎడ్ డేవిస్ కలిశాడు. నీ మాటలకు నేను సంగీతం కట్టగలను అన్నాడు.

ఈ డేవిస్ గురించి మనోళ్లకు తెలియాలి. 1944లో ఓక్లహోమాలో పుట్టాడు. తల్లి కయోవా, తండ్రి వైపు కమాంచీ రక్తం కూడా ఉంది. తండ్రి చిత్రకారుడు. తాజ్ మహల్ అనే నల్లజాతి బ్లూస్ గాయకుడి బ్యాండులో ఈయన వాయించిన స్లైడ్ గిటారు విని డ్యూయేన్ ఆల్‌మన్ లాంటి పెద్ద గిటారిస్టు ఆ పద్ధతి నేర్చుకున్నాడని చెప్తారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం జార్జ్ హారిసన్, రవిశంకర్ కలిసి పెట్టిన కచేరీలో స్టేజీ మీద ఉన్నాడు. డిలాన్ 'వాచింగ్ ద రివర్ ఫ్లో'లో ఉన్నాడు. జాన్ లెనన్ 'వాల్స్ అండ్ బ్రిడ్జెస్'లో ఉన్నాడు. 1972లో జాక్సన్ బ్రౌన్‌కు పేరు తెచ్చిన 'డాక్టర్ మై ఐస్' పాటలో మధ్యలో వచ్చే గిటారు సోలో ఈయనదే. ఆ పాట లక్షల మంది విన్నారు. వాయించింది ఒక కయోవా పిల్లగాడని ఎంతమందికి తెలుసు? సెషన్ ప్లేయర్ బతుకు అంతే. వస్తాడు, వాయిస్తాడు, కూలి తీసుకుంటాడు, పోతాడు. కవర్ మీద పేరు వేరేవాళ్లది. మధ్యలో మత్తు మందులు, తాగుడు ఆయన్ను చాలా ఏళ్లు మింగేశాయి. ట్రుడెల్‌ను కలిసింది అందులోంచి బయటపడాలని పెనుగులాడుతున్న రోజుల్లో.

ఒకరికి మాట ఉంది, రాగం లేదు. ఇంకొకరికి ప్రపంచంలోని పెద్ద పెద్ద పాటలన్నిటిలో వాయించిన చెయ్యి ఉంది, తనోళ్ల కథ చెప్పే మాట లేదు. ఇద్దరూ కలిశారు.

ట్రుడెల్ పాడడు. మాట్లాడతాడు. పాటకు మాటను కత్తిరించి సరిచేయడం మామూలు పద్ధతి. ఇక్కడ సంగీతమే మాట వెనక నడవాలి. వాక్యం ఎక్కడ ముగుస్తుందో అక్కడ గిటారు నోరు తెరవాలి, వాక్యం మొదలుకాగానే తగ్గాలి. 'రిచ్ మ్యాన్స్ వార్' వినండి. డబ్బున్నోడి యుద్ధంలో లేనోళ్లు చస్తున్నారన్న మాట ఎవరైనా చెప్పొచ్చు. ఆ మాట కింద గిటారు ఎంత అణుచుకుని ఉంటుందో, సందు దొరికినప్పుడు ఎట్లా కోస్తుందో చూస్తే డేవిస్ పాతికేళ్ల అనుభవం తెలుస్తుంది. తన పనితనం చూపించుకునే గిటారిస్టు ఈ ఆల్బమ్‌ను పాడుచేసేవాడు. క్విల్ట్‌మ్యాన్ గొంతులో ఏ భాషా మాటలూ లేని పాత రాగం వచ్చినప్పుడు మన రేలా కూతలు గుర్తుకు రాకుండా ఉండవు. నాకైతే ఆ ఆల్బమ్ మొత్తంలో ఆ చోట్లే ఎక్కువ ఇష్టం.

రాక్ మనదెట్లా అయితది, అది తెల్లోళ్ల సంగీతం కదా, అని అడిగే పెద్దమనుషులు ఉన్నారు. రాక్ పుట్టింది నల్లజాతి వాళ్ల బ్లూస్ నుంచి. అందులో ఆదివాసుల చెయ్యి కూడా మొదటి నుంచీ ఉంది. 1958లో 'రంబుల్' అనే పాట, మాట ఒక్కటి కూడా లేని ఉత్త గిటారు, కొన్ని రేడియో స్టేషన్లు వేయడానికి భయపడ్డాయి. దాన్ని కట్టిన లింక్ రే షానీ మూలాలున్నవాడు. 'ద బ్యాండ్'లో గిటారిస్టు రాబీ రాబర్ట్‌సన్ తల్లి సిక్స్ నేషన్స్ రిజర్వేషన్‌లో పెరిగింది. ఈ కథలన్నీ 2017లో వచ్చిన 'రంబుల్' డాక్యుమెంటరీలో ఉన్నాయి, డేవిస్ కూడా ఉన్నాడు. చూడనివాళ్లు చూడండి.

మాట ఒకరిది, వాయిద్యం ఇంకొకరిది అనే ఏర్పాటు మన దగ్గర అంతకన్నా పాతది. ఆదిలాబాద్ గోండుల వంశకథలు గోండులు పాడరు. పర్ధాన్లు పాడతారు, మూడు తీగల కిక్రి మీద. తోటీలు పాడతారు. పర్ధాన్ల ఇళ్లలో మరాఠీ మాట, కిక్రి పట్టుకుంటే గోండి పాట. తన ఇంటి భాష కాని భాషలో ఇంకొకరి చరిత్రను తరతరాలుగా కాపాడుతున్నవాళ్లు. కోయలకు డోలీలు అట్లాగే. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్యగారు సమ్మక్క సారలమ్మల కథను, కోయ గోత్రాల కథలను డోలి మీద పాడారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో పోయారు. ఈ ఏర్పాటులో ఒక లెక్క ఉండేది. పాడినందుకు ధాన్యమో, పశువో, బట్టలో ఇవ్వాల్సిందే. ఇవ్వని ఇంటికి కథ ఉండదు. అది దానం కాదు, బాకీ తీర్చడం.

ఇప్పుడు ఆ లెక్క తెగిపోయింది. మన పాట సినిమాలోకి పోతుంది, ఛానల్లోకి పోతుంది, కింద 'జానపదం' అని ఒక్క మాట పడుతుంది. పాడిన అవ్వ పేరుండదు. ఊరి పేరుండదు. రాసినవాళ్లు ఎవరో తెలియని పాత పాటకు మన దేశంలో చట్టం రక్షణ దాదాపు లేదు, తెగ మొత్తానికి ఆ పాట మీద హక్కు అనే మాట కాపీరైట్ చట్టంలో లేదు. అది మారాలని అడగాల్సింది అడుగుదాం. కానీ మీరు కొత్తగా రాసిన పాట సంగతి వేరు. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం మాట రాసినవాళ్లకు, ట్యూన్ కట్టినవాళ్లకు రాయల్టీలో వాటా ఉంటుంది, దాన్ని పూర్తిగా రాసివ్వమని కంపెనీ అడిగినా ఆ రాత చెల్లదు. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు తమ పేరు వేయమని అడిగే హక్కు కూడా అదే చట్టంలో ఉంది. డప్పు కొట్టిన పిల్లగాడికి కూడా. రికార్డింగ్‌కు ముందే, చాయ్ తాగుతూనే సరే, ఒక కాగితం మీద ఎవరు ఏం చేశారో రాసి సంతకాలు పెట్టుకోండి. దోస్తుల మధ్య కాగితాలేంది అంటారు. దోస్తీ చెడిపోకూడదనే కాగితం.

ట్రుడెల్, డేవిస్‌లు సొంతంగా క్యాసెట్ వేసుకోవడం వల్ల నష్టమూ జరిగింది. దుకాణాల్లో దొరకలేదు, రేడియోలో రాలేదు, చేతుల మీదుగా తిరిగింది. అయితే ఒక్క వాక్యం కూడా ఎవరూ కత్తిరించమనలేదు. ఏది ఎక్కువ? ఉద్యమంలో ఉన్న మనకు రెండోదే ఎక్కువ అనిపిస్తుంది. అట్లాగని దుకాణం అక్కర్లేదని నేను అనను. వినేవాళ్లు లేని పాట ఎంత నిఖార్సైనదైనా ఇంట్లోనే ఉండిపోతుంది.

1987 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లోని పాలోమినో క్లబ్బులో తాజ్ మహల్‌తో కలిసి డేవిస్, ఆయన గ్రాఫిటీ బ్యాండ్ వాయిస్తుంటే డిలాన్, హారిసన్, జాన్ ఫోగర్టీ స్టేజీ ఎక్కి కలిశారు. ఎన్నో ఏళ్లు వాళ్ల వెనక నిలబడి వాయించిన మనిషి బ్యాండులోకి ఆ రాత్రి వాళ్లే వచ్చారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 1988 జూన్ 22న డేవిస్ చనిపోయాడు. మత్తు మందే తీసుకుపోయింది. నలభై మూడేళ్లు.

ట్రుడెల్ ఆగలేదు. గిటారిస్టు మార్క్ షార్క్‌తో పని కొనసాగించాడు. 1992లో జాక్సన్ బ్రౌన్ నిర్మాతగా, పాత క్యాసెట్ల పాటలూ కొత్తవీ కలిపి, రైకోడిస్క్ కంపెనీ అదే పేరుతో ఆల్బమ్ తెచ్చింది. అప్పటికి గల్ఫ్ యుద్ధం అయిపోయింది, 'బాంబ్స్ ఓవర్ బాగ్దాద్' అందులో చేరింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎక్కువగా దొరికేది ఈ 1992 ఆల్బమే. ట్రుడెల్ 2015 డిసెంబర్ 8న పోయాడు.

వినాలనుకునేవాళ్లు 'రిచ్ మ్యాన్స్ వార్', తర్వాత 'రాకిన్ ద రెజ్', ఆ తర్వాత 'బేబీ బూమ్ చె' వినండి. ఇంగ్లీషు అందకపోతే బాధ లేదు. మొదటిసారి మాటలు వదిలేసి, గిటారు ఎక్కడెక్కడ ఆగుతుందో అది మాత్రమే లెక్కపెట్టండి. రెండోసారి మాటలు వాటంతట అవే వినపడతాయి. అది అయ్యాక 'డాక్టర్ మై ఐస్' పెట్టుకుని, మధ్యలో సోలో వచ్చే దాకా ఆగండి.