బేరం ఎవరితో?

బద్వేలు ఆసుపత్రిలో "కడపకు తీసుకుపోండి" అన్నారంటే, రోగి ముందు యాభై కిలోమీటర్లకు పైబడిన దారి ఉన్నట్టే. పోరుమామిళ్ల, కలసపాడు వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఆ మాట వినేసరికే కొంత పొద్దు గడిచిపోయి ఉంటుంది. పాము కరిచిన రైతుకైనా, కాన్పు కష్టమైన తల్లికైనా 108 బండి రాకపోతే మిగిలేది బాడుగ కారు. అదీ డబ్బున్నవాళ్లకే. అందుకే అంబులెన్స్ సిబ్బందికి సమ్మె హక్కు ఉండకూడదనే వాదన విజయవాడలో కంటే ఇక్కడ గట్టిగా వినిపిస్తుంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

సమ్మె రోజుల్లో సగం బండ్లు నడిపితే సరిపోతుంది కదా అని కొందరు మధ్యేమార్గం చెబుతారు. ఊరి నిండా బండ్లున్న నగరంలో అది కుదురుతుందేమో గానీ, మండలానికి ఒకటీ అరా ఉన్నచోట సగమంటే ఏమీ లేనట్టే.

ఇక సిబ్బంది వైపు చూద్దాం. 2005 ఆగస్టు 15న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు స్థాపించిన ఈఎంఆర్ఐ సంస్థ ద్వారా మొదలైన ఈ 108 సేవ, సత్యం కూలిన తర్వాత జీవీకే చేతికి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆపైన బీవీజీకి, 2020లో అరబిందోకు మారింది. బండి మీద పేర్లు మారినా పైలట్లు (డ్రైవర్లు), ఈఎంటీల్లో (అత్యవసర వైద్య సాంకేతిక నిపుణుల్లో) చాలామంది పాతవాళ్లే. జీతం ఆలస్యమైతే కంపెనీ "సర్కారు బిల్లు రాలేదు" అంటుంది. సర్కారును అడిగితే "మీరు కంపెనీ ఉద్యోగులు" అంటుంది. జీతం అడిగినప్పుడు ప్రైవేటు మనుషులు, సమ్మె అంటే మాత్రం అత్యవసర సేవకులు. నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే.

2020 జులై 1న అప్పటి ముఖ్యమంత్రి, సర్వీసును బట్టి పైలట్‌కు 28 వేలు, ఈఎంటీకి 30 వేల దాకా జీతం పెంచుతామని ప్రకటించారు. పెంపు మంచిదే. కానీ అది వేదిక మీద ప్రకటించిన వరం, ఇరుపక్షాలూ కూర్చుని సంతకం చేసిన ఒప్పందం కాదు. నిర్వాహకుడు మారినప్పుడు అలాంటి వరానికి పూచీ ఎవరు?

చట్టం సమ్మెను పూర్తిగా మూసేయలేదు. ప్రజోపయోగ సేవల్లో ముందుగా నోటీసివ్వాలని, 2025 దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. ప్రభుత్వోద్యోగులకు సమ్మె ప్రాథమిక హక్కు కాదని 2003లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు అంది. వీటన్నిటిపైన, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ఉంది. 2024 జనవరిలో అంగన్‌వాడీల మీద దాన్ని ప్రయోగించినా సమ్మె ఆగలేదు. మొత్తం 42 రోజులు సాగి, చివరికి చర్చలతోనే ముగిసింది. అంబులెన్స్ విషయంలో 42 రోజులు ఎవరూ తట్టుకోలేరు.

కాబట్టి సమ్మెకు కళ్లెం వేయడానికి నాకు అభ్యంతరం లేదు, బదులుగా ఏదైనా ఇస్తేనే. అత్యవసర సేవల్లో సమ్మెను నియంత్రిస్తే సత్వర, నిష్పక్షపాత మధ్యవర్తిత్వం ఉండాలన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏనాటినుంచో చెబుతున్న మాట. మనకూ కొత్త కాదు. కేంద్ర ఉద్యోగులకు 1966 నుంచి ఉన్న సంయుక్త సంప్రదింపుల యంత్రాంగంలో జీతభత్యాలు, పనిగంటలు, సెలవుల మీద తప్పనిసరి మధ్యవర్తిత్వం ఉంది.

దీనికీ ఎదురు వాదన ఉంది. ఖజానా ఖర్చును ఎన్నికైన ప్రభుత్వం కాకుండా ఒక మధ్యవర్తి తేల్చడమేమిటని అధికారులు అడుగుతారు. సమ్మె భయం లేకపోతే ఫైలు కదలదని యూనియన్లు అంటాయి. రెండో మాటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అందుకే మధ్యవర్తి తీర్పుకు గడువుండాలి, కంపెనీతో పాటు వైద్యారోగ్యశాఖ కూడా బల్ల దగ్గర కూర్చోవాలి. ఎందుకంటే పన్నెండు గంటల డ్యూటీ చేసిన పైలట్ లంకమల అడవి పక్కగా రాత్రిపూట బండి నడపడం రోగి భద్రతకు సంబంధించిన విషయం కూడా.

పట్నంలో 15 నిమిషాలు, పల్లెలో 20, గిరిజన ప్రాంతంలో 30 నిమిషాల్లో బండి చేరాలని 2020లో సర్కారు లక్ష్యం పెట్టింది. నిమిషాలు లెక్కగట్టగలిగిన సర్కారుకు, జీతం ఏ తేదీన పడాలో, పడకపోతే ఎవరు కట్టాలో టెండరులో ఇంకో పేరా రాయడం పెద్ద పని కాదు.