సూది–దారం: స్నూపీ చెవులు

ఈ నెల జాకెట్టు చేతుల కత్తిరింపు చెబుతానని మాట ఇచ్చాను. క్షమించండి, అది వచ్చే నెలకు వాయిదా పడింది. సెప్టెంబరు నుండి నేను అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంట ఉన్నాను. ఇక్కడ నా చేతికి వచ్చిన కుట్టుపని వేరు. ఆరేళ్ళ మనవడికి కుక్క చెవులు కుట్టాను.

ఈ దేశంలో అక్టోబరు 31 సాయంత్రం పిల్లలు వేషాలు వేసుకొని ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు అడుగుతారు. దానిని హాలోవీన్ అంటారు. సంక్రాంతి రోజుల్లో మన ఊళ్ళకు పగటివేషగాళ్ళు వచ్చినట్లే, కాకపోతే ఇక్కడ వేషగాళ్ళు చాలావరకు పిల్లలే. నవంబరు 1 సర్వపరిశుద్ధుల దినము గదా, దాని ముందటి సాయంత్రమని ఆ పేరుకు అర్థం. కోతలు ముగిసి చలి మొదలయ్యే వేళ ఐర్లండు వైపు జరుపుకొన్న పాత పండుగ ఆచారాలు కూడా ఇందులో కలిశాయి. అక్కడ టర్నిప్ దుంపలు తొలిచి లోపల దీపం పెట్టేవారు. అమెరికాకు వలస వచ్చాక వారికి గుమ్మడికాయ దొరికింది, తొలవడం సులువైంది.

విశ్వాసుల ఇంట ఇదేమిటని మీలో కొందరు అడుగుతారు. నేనూ అడిగాను. గుమ్మాలకు అస్థిపంజరాలు వ్రేలాడుతుంటే మొదటి వారం నాకు ఆ వీధిలో నడవబుద్ధి కాలేదు. మా అమ్మాయి వెళ్ళే సంఘంలోనే రెండు అభిప్రాయాలున్నాయి. కొందరు ఆ సాయంత్రం తలుపు తీయరు. 1517లో లూథరు గారు తన 95 వాదములను వెలువరించినది కూడా అక్టోబరు 31నే గనుక, ఆ దినాన్ని సంస్కరణ దినముగానే జ్ఞాపకం చేసుకుంటారు. మరికొందరు గుడి ఆవరణలో కార్లు వరుసగా నిలిపి, డిక్కీలు తెరిచి, నోవహు ఓడ, దావీదు వడిసెల వంటివి అమర్చి, అక్కడే పిల్లలకు మిఠాయిలు పంచుతారు. మా అమ్మాయీ అల్లుడుగారూ పిల్లవాణ్ణి అక్కడికే తీసుకువెళ్తారు. దయ్యాలు, రక్తం, పుర్రెలు వద్దన్నది వాళ్ళ షరతు. రోమా పత్రిక 14వ అధ్యాయం చదువుకొని నేను ఊరుకున్నాను.

వాడు అడిగింది దయ్యం కాదు, స్నూపీ. మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఛార్లెస్ షుల్జ్ అనే ఆయన 1950 అక్టోబరులో పత్రికలలో బొమ్మల కథ మొదలుపెట్టి, సుమారు యాభై ఏళ్ళు తన చేతితోనే గీశాడు. అందులో ఛార్లీ బ్రౌన్ అనే అమాయకపు పిల్లవాడి పెంపుడు కుక్క ఈ స్నూపీ. తెల్లని ఒళ్ళు, నల్లని చెవులు. 1969లో చంద్రుని చుట్టూ తిరిగి వచ్చిన అపోలో 10 వారు ఒక నౌకకు ఛార్లీ బ్రౌన్ అని, రెండవదానికి స్నూపీ అని పేర్లు పెట్టుకున్నారంటే ఆ బొమ్మలను ఇక్కడివారు ఎంత సొంతం చేసుకున్నారో చూడండి. 1965లో వచ్చిన వారి క్రిస్మస్ చిత్రంలో ఒక పిల్లవాడు లూకా సువార్త రెండవ అధ్యాయంలోని గొఱ్ఱెల కాపరుల భాగాన్ని అప్పజెబుతాడు. మరుసటి ఏడు హాలోవీన్ చిత్రం వచ్చింది. అందులో ఛార్లీ బ్రౌన్ దుప్పటికి కళ్ళ కోసం కన్నాలు కోయబోయి లెక్కలేనన్ని కోసేస్తాడు. అందరికీ మిఠాయిలు దొరికితే వాడి సంచిలో రాళ్ళు పడతాయి. మనవడు అది చూసి పడి పడి నవ్వాడు. మా అమ్మాయి నవ్వలేదు. అప్పుడు నేను పట్టించుకోలేదు.

“కొట్లో రెడీమేడ్ దొరుకుతుందమ్మా, కొనేస్తాను. నీకెందుకు శ్రమ?” అంది. కొట్టుకు వెళ్ళి చూశాము. పలుచని గుడ్డ, పొడుగు కుట్లు, ఒక ఉతుకు కూడా ఆగదు. ముప్పై డాలర్ల పైమాట. నలభై ఏళ్ళు మిషను త్రొక్కిన దానిని, నాకు ప్రాణం ఒప్పలేదు. నేనే కుడతానన్నాను. అమ్మాయి ముఖం ముడుచుకొంది గాని ఏమీ అనలేదు.

ఇక పని చెబుతాను. వాడి కొలతకు రెండు సైజులు పెద్దదైన, తలకు టోపీ ఉన్న తెల్లని కోటు తెచ్చాము. పెద్దది ఎందుకంటే, ఇక్కడ అక్టోబరు చివర చలి. వేషం మీద స్వెట్టరు వేస్తే వేషం కనబడదు, పిల్లలు ఏడుస్తారు. స్వెట్టరు లోపల వేసి వేషం పైన వేయాలి. చెవులకు నల్లని ఫెల్ట్ గుడ్డ. దీని సుగుణమేమిటంటే అంచు పోగులు ఊడదు, మడిచి కుట్టనక్కరలేదు. మిషను లేని ఇంట్లో అదొక దీవెన. మాదిరి కత్తిరించడానికి పాత న్యూస్‌పేపరు అడిగితే ఇంట్లో ఒక్కటీ లేదు! అందరూ ఫోనులోనే చదువుతారు. చివరికి సరుకుల కాగితపు సంచి చింపుకున్నాను. తొమ్మిది అంగుళాల పొడవు, పైన రెండున్నర, క్రింద నాలుగు, క్రింది అంచు గుండ్రంగా. ఒక్కో చెవికి రెండు పొరలు వేసి, మధ్య పలుచగా దూది పరచి చుట్టూ వెనుక కుట్టు. వీపున కోడిగుడ్డు ఆకారంలో అయిదు అంగుళాల నల్ల మచ్చ, మెడకు ఎర్రని పట్టీ, వెనుక తోక. పాత మేజోడులో దూది కూరితే తోక అయింది.

మొదటిసారి తొడిగి చూస్తే చెవుల బరువుకు టోపీ వెనక్కి జారిపోయింది. గడ్డం క్రింద తాడు కడదామనుకున్నాను. అమ్మాయి వద్దంది. జారుడుబల్ల మీదా బస్సు తలుపులోనూ తాళ్ళు చిక్కుకొని పిల్లలకు ప్రమాదాలు జరిగినందున, పిల్లల కోట్లకు మెడ దగ్గర తాళ్ళు ఉండకూడదని 1996లోనే ఇక్కడి ప్రభుత్వ సంస్థ సూచించిందట. మన దగ్గర కూడా ఇది ఆలోచించవలసిన మాటే. అందుకని లాగితే ఊడివచ్చే వెల్క్రో ముక్క కుట్టాను. చెవులను రెండంగుళాలు ముందుకు జరిపాను. టోపీ నిలిచింది. ముఖానికి ముసుగు వేయలేదు, దారి కనబడదు. ముక్కుకు అమ్మాయి కంటి పెన్సిలుతో నల్లచుక్క పెట్టాము.

ఆ చెవులు విప్పి మళ్ళీ కుట్టే రాత్రి అమ్మాయి వచ్చి ప్రక్కన కూర్చుంది. “ఇవి ఊడిపోవు గదా?” అని అడిగింది. ఊడవన్నాను. మళ్ళీ అడిగింది. నేను తల ఎత్తి చూశాను.

“గొఱ్ఱె వేషం గుర్తుందా అమ్మా?”

గుర్తు లేకేమి! మీకూ గుర్తుండవచ్చు. మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు క్రిస్మస్ నాటకానికి తెల్ల గౌనుకు మైదా జిగురుతో దూది అంటించి పంపితే, వేదిక మీద దూదంతా ఊడి రాలిపోయిందనీ, ఇది కూర్చుని దూది ఏరుకుంటుంటే సంఘమంతా నవ్విందనీ ఈ పేజీలోనే ఒకసారి వ్రాశాను. చదివి నవ్వుకున్నామని మీలో కొందరు ఉత్తరాలు కూడా వ్రాశారు. ప్రతి క్రిస్మస్‌కూ చుట్టాల ముందు నేను ఆ కథ చెప్పేదాన్ని.

“ఆ రోజు నేను తల ఎత్తి నీకోసం చూశాను. అందరికంటే నువ్వే ఎక్కువ నవ్వుతున్నావమ్మా,” అంది.

నా చేతిలో సూది ఆగిపోయింది. దానికి జిగురు ఆరడానికి ఒక పూట పడుతుందని నాకు తెలుసు. ఆ రోజు అరువు జాకెట్లు ఎనిమిది పూర్తి చేయవలసి ఉండి, గౌను చివరి గంటలో చేశాను. తప్పు పిల్లది కాదు, జిగురుది కాదు. ఇన్నేళ్ళూ నా తప్పును నేను తమాషా కథగా చెప్పుకున్నాను. “నాదే తప్పు తల్లీ, నన్ను క్షమించు,” అన్నాను. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను గాని గొంతు పెగలలేదు. అది చెవిని తీసుకొని దీపానికి ఎదురుగా పట్టి చూసి, “ఇక్కడ కుట్టు ఎడంగా ఉంది,” అంది. ఇంకొక సూదికి దారం ఎక్కించి ఇచ్చాను. ఎడమ చెవి నేను, కుడి చెవి తను.

ఆ సాయంత్రం గుడి ఆవరణలో డెబ్బై ఏళ్ళు దాటిన ఒక అమెరికన్ పెద్దావిడ దూరం నుండే “స్నూపీ!” అని కేక వేసి వాడి సంచిలో రెండు గుప్పెళ్ళు పోసింది. తిరిగి వచ్చేసరికి ఒక చెవి రెండు పోగుల మీద వ్రేలాడుతోంది. అది నేను కుట్టినదే. వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. అమ్మాయి నా వైపు చూసింది. నేను నవ్వలేదు. ముందు అదే నవ్వింది, తర్వాత ఇద్దరమూ నవ్వుకున్నాము.

మన దగ్గర సండే స్కూలు నాటకాలకు ఇది కుట్టాలంటే, ఫెల్ట్ దొరకనిచోట పాత గొడుగు గుడ్డ రెండు పొరలు వేసి మధ్య తువాలు ముక్క పెట్టండి. తెల్లకోటుకు బదులు టర్కీ తువాలు చాలు. నిన్న అమ్మాయి ఆ కోటు మడతపెడుతూ, నల్ల చెవులు తీసి చిన్న తెల్ల చెవులు పెడితే డిసెంబరుకు గొఱ్ఱె అవుతుందా అని అడిగింది. అవుతుందన్నాను. దూది అంటించనక్కరలేదు, పాత ఉన్ని శాలువా ముక్కలు కుడదామనుకుంటున్నాము.

జాకెట్టు చేతులు వచ్చే నెల తప్పక. కాగితం, టేపు దగ్గర పెట్టుకోండి.