ఆగని కరెంటు

పరకాల నుంచి హన్మకొండకు ఎంఆర్‌ఐ స్కానింగ్‌కు వెళ్లారా? 'నగలు, పిన్నులు, సెల్‌ఫోన్ బయట పెట్టండి' అనే ఉంటారు. స్కానింగ్ లేనప్పుడూ ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది మరి. 1.5 టెస్లా యంత్రమైతే దాని బలం భూమి అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్లు!

లోపలున్నది నియోబియం-టైటానియం తీగచుట్ట. ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీలకు చల్లబరిస్తే నిరోధం మాయమవుతుంది. ఒకసారి ఎక్కించిన కరెంటు తిరుగుతూనే ఉంటుంది. దీన్నే అతివాహకత అంటారు. 1911లో కామర్లింగ్ ఆన్స్ పాదరసంలో దీన్ని గమనిస్తే, కారణం చెప్పడానికి 1957 దాకా పట్టింది. ఎలక్ట్రాన్లు జతకట్టి, ఆ జంటలన్నీ ఒక్కటిగా కదులుతాయట.

లోహంలోని కోటానుకోట్ల ఎలక్ట్రాన్లను విడివిడిగా లెక్కకట్టడం ఎవరి తరం? మేడారం జాతరలో ఒక్కొక్కరి అడుగులు లెక్కపెడతామా, జనప్రవాహాన్ని చూస్తాం గానీ! అందుకే కాంతి, ఎలక్ట్రాన్ల కోసం పుట్టిన క్వాంటం క్షేత్ర సిద్ధాంతాన్ని లోహాలకు అరువు తెచ్చుకున్నారు.

అప్పు వడ్డీతో సహా తీరింది. అతివాహకం అయస్కాంత క్షేత్రాన్ని లోపలికి రానివ్వదు. లెక్కల్లో చూస్తే, అక్కడ కాంతి కణానికి బరువొచ్చినట్టే! విశ్వంలోని కణాలకూ ఇదే కిటుకు పనికొస్తుందని ఫిలిప్ ఆండర్సన్ 1963లో సూచించారు. మరుసటేడు పీటర్ హిగ్స్ తదితరులు దాన్ని పూర్తిచేశారు. పేరు మాత్రం హిగ్స్‌కే దక్కింది. అన్యాయమే అనిపిస్తుంది. ఆండర్సన్‌కు 1977లో వేరే పనికి నోబెల్ వచ్చింది లెండి.

2012 జులై 4న సెర్న్ శాస్త్రవేత్తలు ఆ హిగ్స్ కణం జాడ ప్రకటించారు. అక్కడి 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్లను వంపు తిప్పిన అయస్కాంతాలూ నియోబియం-టైటానియం తీగలవే.