సాయంత్రం గ్లాసెడు నీళ్ళు

మా అత్తగారి రోజుల్లో ‘‘మీ మామగారు క్యాంపు వెళ్ళారు’’ అంటే ఆఫీసు పనిమీద పొరుగూరు వెళ్ళారని అర్థం. ఆవిడ వంతు క్యాంపు హోల్డాలు సర్దడంతో అయిపోయేది. తర్వాత పేపర్లలో క్యాంపు రాజకీయాలు చదివి, ఎమ్మెల్యేలను బస్సులెక్కించి రిసార్టుల్లో దాచడాన్ని కూడా క్యాంపే అంటారని తెలుసుకున్నాం. ఇప్పుడు మూడోది వచ్చింది. మొన్న చలికాలంలో మావారి ఆఫీసు మిత్రులు నాలుగు కుటుంబాలు కలిసి ‘క్యాంపింగ్’ వెళ్దామన్నారు. ఊరికి దూరంగా ఏదో ఒక చెరువుగట్టున గుడారాలు, రాత్రి చలిమంట, పొద్దున సూర్యోదయం. మా ఇంట్లోనే కూర్చుని, నేను వేసిన పకోడీలు తింటూ ప్లాను వేశారు.

‘‘బాత్‌రూం ఎక్కడుంటుంది?’’ అన్నాను.

మగవాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వారు. ‘‘అదే మరి వదినా! అన్నీ ఉంటే హోటలుకే పోవచ్చు గదా. కొంచెం కష్టపడితేనే మజా’’ అన్నాడు వాళ్ళలో చిన్నవాడు. ఆడవాళ్ళు నవ్వలేదు. వాళ్ళలో ఒకామె కాసేపాగి వంటింట్లోకి వచ్చి, ‘‘మంచిగ అడిగిన్రు అక్కా, నాకు అడగనీకి మొహమాటమైంది’’ అంది మెల్లిగా.

ఆ నవ్వే నాచేత ఇది రాయిస్తోంది. ఎందుకంటే ఆరుబయట కష్టపడి పడుకోవడం నాకు కొత్త కాదు.

1996లో నాకు తొమ్మిదేళ్ళు. పరకాల దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరినుంచి ఎడ్లబండ్ల మీద మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు వెళ్ళాం. అప్పటికి బస్సులున్నాయి. కానీ బండి మీదే వస్తానని అమ్మమ్మ మొక్కుకుంది. బండి చక్రానికి కట్టేసిన కోళ్ళు, గోతాంలో అమ్మవార్లకు ‘బంగారం’గా ఇవ్వబోయే బెల్లం, మూడు రాళ్ళ పొయ్యి మీద ఉడికే అన్నం. దారిలో రెండు రాత్రులు ఇప్పచెట్ల కింద మజిలీ. బండి కింద గడ్డి పరిచి, పైన బొంత వేసి పిల్లలందరినీ వరసగా పడుకోబెట్టారు. చక్రం ఆకుల సందుల్లోంచి చుక్కలు లెక్కపెట్టడం ఇప్పటికీ నాకు గుర్తుంది. ఇవాళ డబ్బు కట్టి వెళ్ళే ఏ క్యాంపింగైనా దాని తర్వాతే అంటాను.

అయితే గుర్తున్నది అదొక్కటే కాదు. చీకటి పడబోతుండగా అమ్మమ్మ ఆడవాళ్ళనీ, ఆడపిల్లలనీ దగ్గరికి పిలిచి చెప్పేది. ‘‘ఇగ నీళ్ళు చాలు బిడ్డా. గొంతు తడిసేటట్టు ఒక్క గుక్క, గంతే. రాత్రి లేవద్దు.’’ కారంకారంగా కోడికూర తిని ఒక్క గుక్కతో సరిపెట్టుకోవాలి. పక్క బండి దగ్గర మామయ్యలు కడవలోంచి చెంబులకు చెంబులు ముంచుకుని తాగేవారు. వాళ్ళకు అడవంతా బాత్‌రూమే. మేం తెల్లారక ముందే అందరం గుంపుగా పోయి, గుంపుగా రావాలి. జంపన్నవాగులో స్నానం చేశాక ఇద్దరు దుప్పటి అడ్డం పట్టుకుంటే మూడో మనిషి తడిచీర మార్చుకునేది. ఆ గాలికి దుప్పటి నిలిస్తేగా!

ఆ ప్రయాణంలోనే మా చిన్నమ్మకు నెలసరి వచ్చింది. తనవల్ల మొక్కు ఆగిపోతుందేమోనన్న భయంతో అమ్మమ్మకు కూడా చెప్పలేదట. ఉతికిన గుడ్డ ఆరేసే చోటు లేక పచ్చిదే వాడుకుంది. ఈ సంగతి నాకు చెప్పడానికి ఆమెకు ఇరవయ్యేళ్ళు పట్టింది. చెప్పేటప్పుడు కూడా గొంతు తగ్గించే చెప్పింది.

2024 ఫిబ్రవరిలో మళ్ళీ మేడారం వెళ్ళాం. 21 నుంచి 24 వరకూ జాతర. ఈసారి కారు, అద్దె గుడారం, గాలి నింపే పరుపు, అట్టపెట్టె నిండా నీళ్ళ సీసాలు. ఈమధ్యి జాతరల్లో హనుమకొండ నుంచి హెలికాప్టర్ కూడా నడిపారు. అంటే ఒకే అడవిలో ఒకే అమ్మవార్ల కోసం బండి కింద పడుకునేవాళ్ళూ, ఆకాశంలోంచి దిగేవాళ్ళూ ఉన్నారన్నమాట. మేం మధ్యరకం. గుడారం అద్దెకిచ్చినాయన ‘‘అన్ని సౌకర్యాలున్నయి మేడం’’ అని చూపించింది ఒక రేకుల గది. లోపల గడియ లేదు, లైటు లేదు, దానికి పోయే దారిలో మోకాలెత్తు గడ్డి. చీకటి పడుతుంటే మా అమ్మాయి సీసా ఎత్తింది. ‘‘ఇక చాలమ్మా, రాత్రి లేవాల్సొస్తుంది’’ అన్నాను. అని, ఉలిక్కిపడ్డాను. అది అమ్మమ్మ మాట. ఇరవయ్యెనిమిదేళ్ళలో బండి పోయి కారొచ్చింది, గడ్డి పోయి పరుపొచ్చింది. ఆ మాట మాత్రం చెక్కుచెదరకుండా నా నోట్లోకి వచ్చి కూర్చుంది.

ఇప్పుడీ గుడారాల వ్యాపారం బాగా పెరిగింది. గండికోటలో పెన్నా లోయ దగ్గర, పాడేరు వైపు వంజంగిలో మబ్బులు చూడ్డానికి పోయే దారిలో, వికారాబాద్ అనంతగిరి చుట్టుపక్కల గుడారాలు అద్దెకు దొరుకుతున్నాయి. ఒక చివర వెయ్యి రూపాయల లోపు నైలాను గుడారం, నేల మీద చాప. రెండో చివర మంచం, ఏసీ, అద్దం బల్ల ఉన్న గుడారం. దానికి గ్లామర్‌నీ క్యాంపింగ్‌నీ కలిపి ‘గ్లాంపింగ్’ అని పేరు పెట్టారు. పేరు కొత్తదే గానీ సంగతి పాతదే. మొగలాయి చక్రవర్తులకు రెండు జతల డేరాలుండేవి. ఒకదాంట్లో ప్రభువుల వారు సేదతీరుతుంటే రెండోది తర్వాతి మజిలీకి ముందే వెళ్ళి సిద్ధంగా ఉండేది. 2025 జనవరి 13 నుంచి ఫిబ్రవరి 26 వరకు ప్రయాగరాజ్‌లో జరిగిన మహాకుంభమేళాలో ఈ రెండు చివరలూ ఒకే నదీతీరాన కనిపించాయి. నెల్లాళ్ళు కల్పవాసం చేసే ముసలివాళ్ళు మామూలు గుడ్డ డేరాల్లో నేలమీద పడుకుంటే, రాత్రికి లక్ష రూపాయల దాకా పలికిన గుడారాలు కూడా వెలిశాయి. లక్షన్నర మరుగుదొడ్లు ఏర్పాటు చేశామని ప్రభుత్వం చెప్పింది. ఆ సంఖ్య గొప్పదే, కాదనను. కానీ జనవరి 29 తెల్లవారుజామున తొక్కిసలాటలో కనీసం 30 మంది చనిపోయిన చోట, అర్ధరాత్రి చంటిపిల్లతో ఉన్న మనిషికి ఆ లక్షన్నరలో ఒకటి ఎన్ని అడుగుల దూరంలో ఉందన్నదే అసలు లెక్క.

చాలామంది మగవాళ్ళు కష్టానికీ సుఖానికీ మధ్య గీత పరుపు దగ్గర గీస్తారు. మంచం ఉంటే సుఖం, నేలమీదైతే సాహసం. మన గీత అక్కడ లేదండీ. నేలమీద పడుకోవడం మనకు కష్టమే కాదు. పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, ఆస్పత్రి వరండాల్లో ఎన్ని రాత్రులు పడుకోలేదు? సాయంత్రం భయం లేకుండా గ్లాసెడు నీళ్ళు తాగగలమా లేదా అన్నదే మన గీత. తాగలేకపోతే ఏసీ గుడారమైనా కష్టమే. తాగగలిగితే బండి కింద గడ్డి పరుపైనా హాయే. ఇది సుకుమారం కాదు. నీళ్ళు తాగక, వచ్చింది ఆపుకుంటూ ఉంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుందని ఏ లేడీ డాక్టరైనా చెబుతుంది. ఊరెళ్ళొచ్చిన వారానికి మంటతో, జ్వరంతో క్లినిక్కుకు పోయినవాళ్ళు మనలో ఎంతమంది లేరు?

అందులో ప్రాణాల సంగతీ ఉంది. 2021 జనవరిలో కేరళ వయనాడ్ జిల్లా మేప్పాడి దగ్గర గుడారాల్లో బసచేసిన ఒక యువతిని రాత్రిపూట ఏనుగు చంపేసింది. ఆ గుడారాలకు అనుమతి లేదని అధికారులు తర్వాత చెప్పారు. 2025 మేలో అదే ప్రాంతంలో పర్యాటకుల కోసం కట్టిన తాత్కాలిక పాక కూలి మరో యువతి చనిపోయింది. అడవిలో గుడారం వేయడానికి ఎవరు ఒప్పుకున్నారు, చుట్టూ కంచె ఉందా, రాత్రి కాపలా ఎవరు అన్నవి ‘మజా’ పాడుచేసే ప్రశ్నలు కావు. అనుమతి కాగితం చూపించమనడానికి మనం మొహమాటపడతాం. బియ్యంలో రాళ్ళున్నాయా అని షాపువాణ్ణి నిలదీసే మనమే!

విచిత్రమేమిటంటే, గుడారంలో మనిషికి ఏమేం ఉండాలో ప్రపంచం ఎప్పుడో రాసిపెట్టుకుంది. విహారానికి కాదు, విపత్తుకి. 1997లో రెడ్‌క్రాస్, కొన్ని స్వచ్ఛంద సంస్థలు కలిసి మొదలుపెట్టిన ‘స్ఫియర్’ ప్రమాణాలు యుద్ధంలో, వరదల్లో ఇల్లు పోయినవాళ్ళ శిబిరాల కోసం. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్ళు, శిబిరం కుదురుకున్నాక 20 మందికొక మరుగుదొడ్డి, అది బసకు 50 మీటర్లు దాటకూడదు, లోపల గడియ, దారికి వెలుతురు. మగవాళ్ళకు ఒకటి కడితే ఆడవాళ్ళకు మూడు కట్టాలి. ఈ మూడుకి ఒకటి అన్న మాట చదివినప్పుడు, ఎవరో మన క్యూలో నిలబడి చూసి రాసినట్టు అనిపించింది. శరణార్థి శిబిరానికి ఇంత ఆలోచించినప్పుడు, డబ్బు తీసుకుని గుడారం ఇచ్చేవాళ్ళు ఇందులో సగమైనా ఎందుకు పాటించకూడదు?

నిజానికి మన దగ్గర ఇష్టపడి గుడారంలో ఉండేవాళ్ళకంటే తప్పక ఉండేవాళ్ళే ఎక్కువ. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వేలమంది ఇళ్ళు వదిలి పునరావాస కేంద్రాలకు చేరారు. ఇటుక బట్టీల పక్కన టార్పాలిన్ కింద నెలల తరబడి కాపురం చేసే ఆడకూలీలను మనం రోజూ బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం. వాళ్ళది సాహసమని ఎవరూ అనరు. 2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి. 2015లో తొలిరోజునే రాజమండ్రిలో తొక్కిసలాట చూశాం. ఈసారి ఘాట్ల పొడవు, లైట్ల అలంకరణ గురించి ప్రకటనలకు కొదవ ఉండదు. ప్రతి ఘాట్ దగ్గరా ఆడవాళ్ళకు ఎన్ని మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులెన్ని, వాటికి గడియలున్నాయా అన్నది ఇప్పుడే అడగాలి. ఏర్పాట్ల కమిటీల్లో ఆడవాళ్ళుంటే ఈ ప్రశ్న మొదటి సమావేశంలోనే వస్తుంది. లేకపోతే పుష్కరాలు అయిపోయాక పేపర్లో వస్తుంది.

మా చెరువుగట్టు సంగతి చెప్పలేదు కదూ. మేం నలుగురం ఆడవాళ్ళం కలిసి ఫోన్లు చేశాం. మొదటాయన ‘‘అడివే కదా మేడం, ఎక్కడైనా...’’ అని నసిగాడు. పెట్టేశాం. రెండోచోట ఫోనెత్తింది ఒక ఆడమనిషి. నేను అడగకముందే, ‘‘ముప్పై అడుగుల దూరంల రెండు బాత్‌రూములున్నయి, గొళ్ళెముంది, రాత్రంత బుగ్గ ఎలుగుతది, నేనూ మా ఆయన పక్క గుడిసెలనే పంటం’’ అని చెప్పేసింది. మంచాల్లేవు, ఏసీ లేదు. వెళ్ళాం. చికెన్ కాల్చే పని మగవాళ్ళు ఎంతో ఉత్సాహంగా అందుకున్నారు, ఫొటోలు కూడా దిగారు. గిన్నెల దగ్గరికొచ్చేసరికి వాళ్ళకు చలి ఎక్కువైంది. ఆ చిన్నవాణ్ణి మాత్రం వాళ్ళావిడ లేపి తీసుకొచ్చి కడిగించింది.

రాత్రి తొమ్మిదికి మా అమ్మాయి చెరువు వైపు కాళ్ళు చాపి కూర్చుని లీటరు సీసా మొత్తం తాగేసింది. నేనేమీ అనలేదు. రెండుసార్లు టార్చి పట్టుకుని, పక్క గుడారం పిల్లతో కబుర్లాడుతూ వెళ్ళొచ్చింది. ఒంటిగంటకు నన్ను తట్టి లేపింది. ఏమైందోనని గాభరాగా లేచి కూర్చున్నాను.

‘‘అమ్మా, ఇంకో సీసా ఉందా?’’ అంది.