ఆలస్యం.. పెద్ద కోతకు దారి
చిన్న రంధ్రాలతో ఛాతీ శస్త్రచికిత్స సకాలంలో చేరిన వారికే

గన్నవరం: ఊపిరితిత్తుల చుట్టూ చీము పట్టిందని తెలియగానే రోగి బంధువులు అడిగే మొదటి ప్రశ్న 'ఛాతీ కోయాలా?' అన్నదే. పక్కటెముకల నడుమ పొడవాటి కోత పెట్టి, వాటిని ఎడం చేసి చేసే శస్త్రచికిత్స అంటే ఆ భయం సహజం. ఇప్పుడు ఒకటి నుంచి మూడు చిన్న రంధ్రాల గుండా కెమెరాను, పరికరాలను పంపి అదే పని చేయవచ్చు. నొప్పి తక్కువ, త్వరగా కోలుకుంటారు. అయితే పరికరాలు ఉన్నంత మాత్రాన చాలదు. రోగి సకాలంలో ఆసుపత్రికి చేరాలి.

మూడు దశలు

న్యుమోనియా, క్షయ వంటి వ్యాధుల్లో ఊపిరితిత్తిని కప్పిన పొరల మధ్య తొలుత పలుచని నీరు చేరుతుంది. మందులతో, అవసరమైతే సూదితోనో గొట్టంతోనో నీరు తీయడంతో ఈ దశ గట్టెక్కుతుంది. తర్వాత అది చిక్కబడి, తెరలు ఏర్పడి గదులు గదులుగా విడిపోతుంది. అప్పుడు గొట్టం వేసినా చీమంతా బయటికి రాదు. చిన్న రంధ్రాల పద్ధతి ఎక్కువగా అక్కరకొచ్చేది ఇక్కడే. మరికొన్ని వారాలు గడిస్తే ఊపిరితిత్తిపై మందపాటి తొడుగు ఏర్పడి, దాన్ని విచ్చుకోనివ్వదు. ఆ తొడుగును ఒలిచేందుకు చాలామందికి పెద్ద కోతే శరణ్యమవుతుంది.

క్షయతో పాత బంధం

1910లో స్వీడన్ వైద్యుడు యాకోబియస్ ఛాతీలోకి గొట్టం పంపి చూసే విధానాన్ని వెల్లడించారు. తర్వాత క్షయ రోగుల ఛాతీలోని అతుకులను తెంచడానికి ఆ విధానాన్నే వాడారు. మన ప్రాంతానికీ క్షయ వైద్యంలో చరిత్ర ఉంది. మంగళగిరిలో నేటి ఎయిమ్స్ వెలసింది ఒకప్పటి క్షయ శానిటోరియం స్థలంలోనే. గన్నవరం మండలంలోని చినఅవుటపల్లిలోనూ వైద్య కళాశాల ఉంది. కనుక ఇక్కడి వారికి పెద్దాసుపత్రి దూరాభారం కాదు. జ్వరం, పక్కపోటు, ఆయాసం ఉన్నా ఊళ్లోనే సూదిమందులతో రోజులు నెట్టుకురావడమే చేటు తెస్తోంది.

నీరు చేరిన ప్రతివారికీ శస్త్రచికిత్స అక్కర్లేదు. క్షయ వల్ల చేరిన నీరు చాలామందిలో ఆరు నెలల ఉచిత మందులతోనే తగ్గుతుంది. కారణం తేలకపోతే మాత్రం పొర ముక్క తీసి పరీక్షించాలి. క్యాన్సర్ బయటపడే అవకాశమూ ఉంది.

చేయాల్సిందేమిటి?

రెండు వారాలు దాటిన దగ్గుకు కఫ పరీక్ష, మందులు వాడినా తగ్గని జ్వరానికి ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి కావాలి. ఆర్‌ఎంపీలు, ఆశా కార్యకర్తలు ఇలాంటి వారిని వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. అక్కడి వైద్యులు జాప్యం లేకుండా పెద్దాసుపత్రికి సిఫారసు చేయాలి. ఈ ఏర్పాటు పకడ్బందీగా అమలయ్యేలా జిల్లా వైద్యాధికారులు చొరవ చూపాల్సి ఉంది.