పతకాల లెక్క సరే, గీత ఎవరు గీశారు?

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి. ఇది ఒక్కరి ఆలోచన కాదు. హాస్టల్ రూములో మేం నలుగురం వారం రోజులు కొట్లాడుకుని తేల్చుకున్నది. అందుకే "మేము" అని రాస్తున్నాం.

మొన్న ఆదివారం రాత్రి తిన్నాక ఎప్పటి లొల్లే మొదలైంది. మెస్సీ గొప్పనా, రొనాల్డో గొప్పనా. సచినా, కోహ్లీనా. ఎట్లనో మాట మేరీ కోమ్ మీదికి పోయింది. పక్క రూము దోస్తు ఒకతను ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఒలింపిక్స్‌లో మేరీ కోమ్‌కి ఒక్క కాంస్యం. మన సింధుకి ఒక రజతం, ఒక కాంస్యం. ఇంక మాట్లాడేదేముంది? ట్రైబల్ అని మీరు సపోర్టు చేస్తున్నారు గానీ."

మాకు వెంటనే జవాబు దొరకలేదు. లెక్క నిజమే. సింధుకి 2016 రియోలో రజతం, టోక్యోలో కాంస్యం. మేరీ కోమ్‌కి 2012 లండన్‌లో కాంస్యం. కానీ "ట్రైబల్ అని సపోర్టు చేస్తున్నారు" అన్న మాట మాత్రం గుచ్చుకుంది. ఎందుకంటే ఆ మాట ఆటల దగ్గరే ఆగదు. మన సీటు మీద, మన ర్యాంకు మీద, రేపు మన ఉద్యోగం మీద కూడా ఇదే మాట వస్తది. అందుకే దీనికి కోపంతో కాకుండా సరైన జవాబు చెప్పాలనుకున్నాం.

మా జవాబు ఇది. పతకాలు లెక్కపెట్టాల్సిందే. కానీ ఎవరు ముందు దాటారో చూసినప్పుడు, గీత ఎక్కడ గీశారు, గీసింది ఎవరు అని కూడా చూడాలె. అది చూడకుండా చేసే లెక్క సగం లెక్కే.

ముందు మేరీ కోమ్ సంగతి. మణిపూర్‌లో కోమ్ అనే చిన్న తెగ ఆమెది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆరుసార్లు గెలిచింది: 2002, 2005, 2006, 2008, 2010, మళ్ళీ 2018. మరి ఒలింపిక్స్‌లో ఒక్కటే ఎందుకు? మగవాళ్ల బాక్సింగ్ ఒలింపిక్స్‌లో 1904లోనే వచ్చింది. ఆడవాళ్ల బాక్సింగ్ పెట్టింది 2012లో. అంటే ఆమె ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యేదాకా ఆమెకు ఒలింపిక్స్ తలుపే తెరవలేదు. తెరిచినప్పుడు కూడా మూడే బరువు తరగతులు పెట్టారు: 51, 60, 75 కిలోలు. ఆమె గెలుస్తూ వచ్చింది 45 నుంచి 48 కిలోల మధ్యలో. లండన్‌లో ఆడాలంటే బరువు పెంచుకుని, తనకంటే పెద్ద శరీరాలున్న వాళ్ల మీద 51 కిలోల్లో ఆడాలి. అప్పటికే ఇద్దరు కవల పిల్లల తల్లి. ఆ కాంస్యం అట్ల వచ్చింది.

సింధు తక్కువ అని మేం అనట్లేదు. ఆమె కష్టం ఆమెది, ఆమె పతకాలు మనందరివి. కానీ బ్యాడ్మింటన్ ఒలింపిక్స్‌లోకి వచ్చిన 1992 నుంచే ఆడవాళ్లకూ ఉంది. సింధు వచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. ఒకరికి తెరిచిన తలుపు, ఇంకొకరికి మూసిన తలుపు. రెండింటినీ ఒకే సంఖ్యతో పోల్చి "తేలిపోయింది" అంటే ఎట్ల?

ఇంక అసలు చెప్పాలనుకున్న మనిషి జిమ్ థోర్ప్. మనలో చాలామంది ఈ పేరు విని ఉండరు, మేం కూడా ఈ వారమే పూర్తిగా చదివాం. అమెరికా మూలవాసి. సాక్ అండ్ ఫాక్స్ తెగ. ఆయన చదివిన స్కూలు పెన్సిల్వేనియాలోని కార్లైల్. అది మూలవాసుల పిల్లల కోసం అక్కడి ప్రభుత్వం పెట్టిన హాస్టల్ స్కూలు. జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనీయకుండా, ఇంగ్లీషు పేర్లు పెట్టి పిల్లల్ని "మార్చాలని" పెట్టిన బడి. హాస్టల్‌లో మన గోండి మాటకో, కోయ మాటకో, లంబాడీ మాటకో ఎవరైనా నవ్వితే మనకు ఎట్లుంటదో తెలుసు గదా. అక్కడ నవ్వడం కాదు, శిక్షే ఉండేది.

ఆ బడి నుంచి వెళ్లిన థోర్ప్ 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. ఒకటి పెంటథ్లాన్. ఐదు ఆటల్లో నాలుగింట్లో ఆయనే ఫస్ట్. రెండోది డెకథ్లాన్. పరుగులు, దూకుళ్లు, విసుర్లు కలిపి పది ఆటలు. అందులో రెండో స్థానంలో ఉన్న స్వీడన్ ఆటగాడికంటే దాదాపు 700 పాయింట్లు ఎక్కువ. అప్పటి ఆయన ఫొటో ఒకటి ఉంది. రెండు కాళ్లకి రెండు రకాల షూస్. ఆయన షూస్ ఎవరో ఎత్తుకుపోతే, దొరికిన వాటితోనే ఆడాడని చెప్తారు.

ఏడాది తిరక్కుండానే ఆ పతకాలు గుంజుకున్నారు. ఎందుకంటే 1909, 1910 ఎండాకాలాల్లో ఆయన నార్త్ కరోలినాలో చిన్న జట్లకు బేస్‌బాల్ ఆడి, కొద్దిపాటి జీతం తీసుకున్నాడు. 1913 జనవరిలో పేపర్లో ఆ వార్త వచ్చింది. ఒలింపిక్స్‌లో అప్పుడు ఒక నియమం ఉండేది. ఆటకు డబ్బు తీసుకున్నవాడు ఆడకూడదు. డబ్బు తీసుకోని "అమెచ్యూర్లు" మాత్రమే ఆడాలి. పైకి చూస్తే అందరికీ ఒకటే నియమం. కానీ సెలవుల్లో డబ్బు అవసరం లేనివాడు దాన్ని ఎందుకు తప్పుతాడు? తప్పేది లేనోడే. అప్పట్లో కాలేజీ ఆటగాళ్లు చాలామంది దొంగ పేర్లతో అట్లా ఆడేవాళ్లు. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు. తెలివి ఉన్నోళ్లు తప్పించుకున్నారు, దాచుకోవడం తెలియని వాడు దొరికిపోయాడు.

ఇంకో సంగతి వినండి. అదే 1912 ఒలింపిక్స్ నియమాల పుస్తకంలో, ఎవరి అర్హత మీదనైనా అభ్యంతరం ఉంటే ఆటలు ముగిసిన 30 రోజుల లోపల చెప్పాలని రాసి ఉంది. ఈ వార్త వచ్చింది ఆరు నెలల తర్వాత. అంటే ఆయన మీద ఒక నియమం పెట్టిన వాళ్లు, తమ నియమాన్ని తామే పక్కన పెట్టారు. నియమం మన మీదికి వచ్చేటప్పుడు ఇనుప గొలుసు, వాళ్ల మీదికి పోయేటప్పుడు రబ్బరు బ్యాండు.

థోర్ప్ 1953లో చనిపోయాడు. పతకాలు తిరిగి రాలేదు. ఆ 30 రోజుల నియమం బయటికి తీసి పోరాడితే 1982లో ఒలింపిక్ కమిటీ ఒప్పుకుంది. 1983లో ఆయన పిల్లల చేతికి పతకాల నకళ్లు ఇచ్చారు. అప్పుడు కూడా ఒక్కడే విజేత అనలేదు, రెండో స్థానం వాళ్లతో కలిపి ఉమ్మడి విజేత అన్నారు. ఆయన ఒక్కడే విజేత అని రికార్డుల్లో రాసింది 2022 జూలైలో. అప్పటికి 110 సంవత్సరాలు. ఈ మధ్యలో డబ్బు నియమం ఏమైందో చూడండి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు తరఫున మైకేల్ జోర్డాన్ లాంటి కోట్లు సంపాదించే ఆటగాళ్లు ఆడి బంగారం తీసుకున్నారు. ఎవరూ తప్పనలేదు. అంటే ఆ గీత దేవుడు గీసింది కాదు, మనుషులు గీసిందే. అవసరమైతే జరుపుకున్నారు.

ఇప్పుడు ఆ 1913 నుంచి 1982 దాకా రికార్డు పుస్తకం ఒక్కటే చూసి లెక్క చేసినవాడు ఏమంటాడు? "జిమ్ థోర్ప్‌కి సున్నా పతకాలు" అంటాడు. ఆ లెక్క పుస్తకం ప్రకారం కరెక్టే. కానీ నిజమా?

ఇక్కడ మా రూములోనే ఒకరు అడ్డం తిరిగారు. "అయితే కష్టపడి వచ్చిన ప్రతివాడూ గొప్పోడేనా? పేదరికానికి మార్కులు వేస్తే ఇంక ఆటెందుకు?" మంచి ప్రశ్న. దీని మీదే ఎక్కువసేపు కొట్లాడుకున్నాం.

మేం అనుకున్నది ఏంటంటే, పేదరికానికి మార్కులు వేయొద్దు. థోర్ప్ గొప్పోడు అయింది పేదోడు కాబట్టి కాదు, దాదాపు 700 పాయింట్లతో గెలిచాడు కాబట్టి. మేరీ కోమ్ గొప్పది అయింది గుట్టల మధ్య పుట్టినందుకు కాదు, ఆరుసార్లు ప్రపంచాన్ని ఓడించినందుకు. ముందు రికార్డు, తర్వాతే గీత. కానీ గీత గురించి అసలే మాట్లాడకపోతే, రికార్డు అర్థం కాదు.

జాలి కూడా ఒక రకంగా గుంజుకోవడమే. మనోళ్లు ఏదన్నా గెలిస్తే పేపర్లో ఏం వస్తది? గుడిసె ఫొటో వస్తది. కూలికి పోయే అమ్మ ఫొటో వస్తది. చెప్పులు లేని కాళ్లు వస్తాయి. ఎంత టైములో ఉరికింది, ఎంత దూరం దూకింది మాత్రం రాయరు. పట్నం పిల్లలు గెలిస్తే టైమింగ్ రాస్తారు, మనకు కన్నీళ్లు రాస్తారు. చదివినోళ్లకు "పాపం" అనిపిస్తది గానీ "అబ్బా, ఎంత ఆట!" అనిపించదు.

మన మాలావత్ పూర్ణ సంగతే తీసుకోండి. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చి, గురుకులంలో చదువుకుంటూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి 13 సంవత్సరాల 11 నెలలు. ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ కూడా ఆమెతో ఎక్కాడు. ఆ వయసుకు నేపాల్ వైపు నుంచి అనుమతి లేదు గనుక టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఇది తెలిసి కూడా కొందరు అంటారు, "షెర్పాలు తీసుకుపోయారు, గవర్నమెంటు డబ్బు పెట్టింది, ఇందులో గొప్పేముంది" అని.

1953లో హిల్లరీ పక్కన టెన్జింగ్ నార్గే ఉన్నాడు గదా. ఈ రోజు డబ్బున్నోళ్లు లక్షలు కట్టి, షెర్పాల సాయంతోనే ఎక్కుతున్నారు. వాళ్లను ఎవరూ ఈ ప్రశ్న అడగరు. సాయం తీసుకోవడం తప్పైతే, ఇంట్లో నుంచి వచ్చిన సాయం కూడా సాయమే. కాకపోతే అది బయటికి కనపడదు. మనది గవర్నమెంటు జీవోలో కనపడతది, అంతే తేడా. పైగా పూర్ణ అక్కడితో ఆగలేదు. 2022కల్లా ఏడు ఖండాల్లో ఎత్తైన ఏడు శిఖరాలూ ఎక్కేసింది. ఎవరో మోసుకుపోతే ఏడుసార్లు పైకి చేరరు.

ఇదంతా ఎందుకు రాశామంటే, మాతో టెన్త్ దాకా చదివిన ఒక దోస్తు ఉన్నాడు. పేరు రాయం, అతనికి ఇష్టం లేదు. జోనల్ మీట్‌లో 800 మీటర్లు ఫస్ట్ వచ్చాడు. రెండోవాడు వచ్చేసరికి ఇతను గీత దాటి నిలబడి నీళ్లు తాగుతున్నాడు, మేం కళ్లారా చూశాం. రాష్ట్ర స్థాయి పోటీలు పత్తి ఏరే రోజుల్లో పడ్డాయి. ఇంట్లో చేతులు తక్కువ, కూలి డబ్బు కావాలి. పోలేదు. "వాడికి ఇంట్రెస్ట్ లేదు" అని రాసుకుని వేరేవాళ్లను పంపారు. థోర్ప్ ఎండాకాలం పనికి పోయినందుకు పతకాలు పోయాయి, మావాడు పత్తికి పోయినందుకు పోటీయే పోయింది. మావాడు థోర్ప్ అంతటోడు అయ్యేవాడా? చెప్పలేం. అదే మా బాధ. చెప్పడానికి ఏమీ మిగల్లేదు. సర్టిఫికెట్‌లో "ప్రథమ స్థానం" అని ఉంది గానీ, ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లో ఎవరూ రాయలేదు. స్టాప్‌వాచ్ పట్టుకున్నట్టు కూడా గుర్తులేదు.

110 ఏళ్ల తర్వాత థోర్ప్‌కి న్యాయం జరిగింది ఎందుకు? ఎవరో ఒకరు అంకెలు రాసి పెట్టారు, నియమాల పుస్తకం దాచి పెట్టారు. కాగితం ఉంది కాబట్టి కొట్లాడగలిగారు. మన దగ్గర కొట్లాడ్డానికి కాగితమే లేదు.

అందుకే ఈ గ్రూపుకు మా విన్నపం ఒక్కటే. తండా, గూడెం అని తేడా లేకుండా, మీ స్కూలు, హాస్టల్, మండలం, ఐటీడీఏ ఆటల పోటీలు జరిగినప్పుడు ఫలితాలు రాసి ఇక్కడ పెట్టండి. ఏ పోటీ, ఏ సంవత్సరం, ఏ ఊరు, ఎంత టైము, ఎంత దూరం. ఫోన్లో స్టాప్‌వాచ్ అందరికీ ఉంది. దూరానికి టేపు చాలు. పిల్లల పేర్లు వాళ్ల ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనే పెట్టండి. అట్లనే ఎవరన్నా పై పోటీకి పోకపోతే, ఎందుకు పోలేదో ఒక్క లైను రాయండి. పత్తి ఏరడమా, బస్సు చార్జీనా, షూస్ లేకనా. "ఇంట్రెస్ట్ లేదు" అని మాత్రం రాయకండి. మొదటిది మేమే మొదలుపెడతాం, మా హాస్టల్ పరుగు పందెం వచ్చే ఆదివారం పొద్దున ఉంది.

పక్క రూము దోస్తుకి ఈ పోస్టు పెట్టే ముందు చదివి వినిపించాం. అంతా విని, "సింధు ఫ్యాన్‌నే, మారను" అన్నాడు. మారమని మేం అడగలేదు. ఆదివారం పొద్దున స్టాప్‌వాచ్ మాత్రం అతని చేతికే ఇస్తున్నాం.

జోహార్.